పిల్లల నోటు పుస్తకాలు దిద్దేవారికి, వాటిని తనిఖీ చేసేవారికి ఒక బహిరంగ లేఖ

ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు, పాఠశాలల తనిఖీకి వచ్చే అధికారులకు నమస్కారం.

చదవడం, రాయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు మనం చెప్పే మాటల గురించి ఈ ఉత్తరం. పుస్తకంలో ఎర్ర సిరాతో చుట్టే సున్నాలు, పేజీ చివర రాసే 'గుడ్', 'శ్రద్ధ పెట్టాలి', 'చేతిరాత మెరుగుపడాలి' అనే మాటలు, పిల్లవాడు పాఠం పైకి చదువుతుంటే మధ్యలో మనం అందించే అక్షరాలు, ఇవన్నీ కలిపే మాట్లాడుతున్నాను. వీటిలో చాలావరకు పిల్లల కోసం రాసినవి కావు. తల్లిదండ్రులు చూస్తారని కొన్ని రాస్తాం. తనిఖీకి వచ్చేవారు చూస్తారని కొన్ని రాస్తాం. ఆరేడేళ్ల పిల్లవాడు ఆ పేజీ తెరిచి, మనం రాసింది చదువుకుని, దాని సాయంతో తర్వాతి వాక్యం ఇంకాస్త బాగా రాయగలడా అని మాత్రం ఎవరమూ అడగడం లేదు. 'శ్రద్ధ' అనే మాటను కూడబలుక్కుని కూడా చదవలేని పిల్లల పుస్తకాల్లో 'శ్రద్ధ పెట్టాలి' అని రాస్తున్నాం.

నా విన్నపం ఇది. దిద్దిన ప్రతి పేజీ ఆ పిల్లవాడు తనంతట తాను చేయగలిగిన పని ఒకటి చెప్పాలి. ఆ పని చేసుకోవడానికి తరగతిలోనే సమయం దొరకాలి. ఆ రెండూ లేకపోతే మనం ఎంత సిరా ఖర్చు పెట్టినా దిద్దినట్టు కాదు.

చిన్న తరగతులకు తెలుగు చెప్పే పనిలో ఉన్న మనిషిగా ఈ మాట అంటున్నాను. అందుకే గాలిలో మాట్లాడకుండా ఒక పేజీని ముందు పెట్టుకుందాం. రెండో తరగతి పిల్లవాడు తన పిల్లి గురించి ఇలా రాశాడనుకోండి:

'మా పిలి పేరు చుక. అది రాతిరి నా కాల దగర పడుకుంటుంది. వాన వస్తే బయపడుతుంది. నేను దాని మీద దుపటి కపుతాను. అప్పుడు నిదర పోతుంది.'

ఐదు వాక్యాలు, ఇరవై ఒక్క మాటలు. మామూలుగా దిద్దితే ఈ పేజీ మీద తొమ్మిది ఎర్ర సున్నాలు పడతాయి. పిలి, చుక, రాతిరి, కాల, దగర, బయ, దుపటి, కపుతాను, నిదర. పైన సరైన రూపాలు రాసి, కింద 'వత్తులు సరిగా రాయాలి' అని రాసి సంతకం పెడతాం. ఆ పిల్లవాడి కళ్లతో ఈ పేజీ చూడండి. పిల్లికి దుప్పటి కప్పే సంగతి వాడు ఎవరికో చెప్పాలనుకుని రాశాడు. జవాబుగా తొమ్మిది సున్నాలు వచ్చాయి. పిల్లి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ తొమ్మిది తప్పులనూ కాస్త తీరిగ్గా చూద్దాం. అవి తొమ్మిది వేరు వేరు తప్పులు కావు. పిలి, చుక, దగర, దుపటి, కపుతాను అనే ఐదింటిలో ఉన్నది ఒకటే లోపం, అక్షరం కింద అదే అక్షరం వత్తుగా రావలసిన చోట రాలేదు. రాతిరి, నిదర రెండూ వేరే జాతి. అక్కడ వాడు ర వత్తును విడదీసి, నోటికి వచ్చినట్టు, చెవికి వినిపించినట్టు రాశాడు. 'కాల' అన్న మాటలో రెండు చిక్కులున్నాయి, వత్తు లేదు, ళ బదులు ల పడింది. 'భయ' బదులు 'బయ' అని రాయడం మరో దారి. భ అనే అక్షరాన్ని రోజువారీ మాటల్లో చాలామంది పెద్దలే బ అని పలుకుతారు. పిల్లవాడు విన్నదే రాశాడు. అక్కడ చెవి తప్పు చేయలేదు, ఆ మాటను కంటితో ఎక్కువసార్లు చూడలేదు, అంతే.

ఇక సరిగ్గా రాసినవి చూడండి. 'వస్తే' అన్న మాటలో స కింద త వత్తు పెట్టాడు. 'అప్పుడు' అన్న మాటలో ప కింద ప వత్తు ఉంది. అంటే వత్తు అనేది ఒకటుందని వాడికి తెలుసు, ప వత్తు ఆకారం చేతికి వచ్చు. తరచూ కనిపించే మాటల్లో పెడుతున్నాడు, కొత్త మాటల్లో వదిలేస్తున్నాడు. ఇంత సమాచారం ఆ పేజీలోనే ఉంటే 'వత్తులు సరిగా రాయాలి' అన్న మాట వాడికి ఏం చెప్పినట్టు? వత్తులు సరిగా రాయాలని వాడికి తెలియక కాదు గదా రాయనిది.

నేనైతే ముందు పిల్లి గురించి మాట్లాడతాను. 'దుప్పటి కప్పితే తల బయట పెడుతుందా, లోపలే ఉంటుందా?' అని అడుగుతాను. వాడు జవాబు చెప్తాడు, అది తర్వాత రాయబోయే ఆరో వాక్యం. ఆ తర్వాత 'అప్పుడు' అన్న మాట మీద వేలు పెట్టి, 'ఇక్కడ ప కింద వత్తు పెట్టావు, చదివితే సరిగ్గా వినిపిస్తోంది. ఇప్పుడు దుప్పటి అని పైకి అను. అలా నొక్కి పలికే చోటు ఎక్కడుంది?' అంటాను. చాలామంది పిల్లలు అక్కడికక్కడే పట్టుకుంటారు. 'అలాంటి మాటలు ఈ పేజీలో ఇంకా ఉన్నాయి. నువ్వే వెతుకు' అని పుస్తకం వాడి చేతికిచ్చి పక్కవాడి దగ్గరికి వెళ్తాను. వాడు ఐదింటిలో మూడు పట్టుకున్నా ఆ రోజుకు చాలు. రాతిరి, నిదర, కాల, బయ అలాగే ఉండనిస్తాను. వాటికి ఇంకో వారం ఉంది.

'తప్పును చూసి కూడా వదిలేస్తారా?' అని అడిగేవారు ఉంటారు. వదిలేయడం వేరు, వరుస పెట్టుకోవడం వేరు. ఒకేసారి తొమ్మిది చెప్తే పిల్లవాడు ఒక్కటీ పట్టుకోడు. సరైన రూపాలను చూసి ఎక్కించుకుంటాడు, ఎక్కించుకునేటప్పుడు ఆలోచన ఉండదు. ఒకటి చెప్పి, దాన్ని వాడితోనే వెతికిస్తే ఆ ఒకటి వాడిది అవుతుంది.

పిల్లల తప్పుల్లో తర్కం ఉంటుందనేది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. అమెరికా భాషాశాస్త్రవేత్త చార్లెస్ రీడ్ 1971లోనే దీన్ని చూపించారు. బడికి వెళ్లకముందే తమకు తోచినట్టు ఇంగ్లీషు మాటలు రాసుకునే చిన్న పిల్లల రాతలను ఆయన పరిశీలించారు. 'ట్ర' శబ్దంతో మొదలయ్యే మాటలను కొందరు పిల్లలు 'చ్ర' అన్నట్టు రాశారు. ఇంగ్లీషు వాళ్లు పలికే తీరు వింటే ఆ శబ్దం నిజంగానే చ కు దగ్గరగా ఉంటుంది. పెద్దలు అలవాటైన రాత వల్ల వినడం మానేసిన తేడాను పిల్లలు విని రాశారు. మన పిల్లలు 'రుషి' అని రాసినా, 'కల్లు తెరిచాడు' అని రాసినా ముందు ఆ మాటను మనం పైకి పలికి వినాలి. వాడు ఏం విని అలా రాశాడో తెలిస్తే, వాడికి చెప్పాల్సింది చెవి గురించా, కన్ను గురించా అన్నది తేలిపోతుంది. చెవికి సంబంధించిన తప్పుకు పైకి పలికించడం మందు. కంటికి సంబంధించిన తప్పుకు ఆ మాట ఉన్న వాక్యాలు ఎక్కువగా చదివించడం మందు. 'భయం' అని పదే పదే ఒత్తి పలికించి నేర్పాలనుకుంటే కాసేపటికి 'బల్ల'ను కూడా 'భల్ల' అని రాస్తాడు.

పదిసార్లు రాయించడం గురించి ఒక మాట. తప్పు రాసిన మాటను పదిసార్లు రాయమనే అలవాటు ఎప్పటి నుంచో ఉంది, ఇప్పటికీ పోలేదు. పిల్లలు ఆ పని ఎలా చేస్తారో పక్కన నిలబడి చూడండి. ముందు పై నుంచి కింది దాకా పది 'దు'లు దించుతారు, తర్వాత పది 'ప్ప'లు, తర్వాత పది 'టి'లు. దుప్పటి అనే మాటను ఒక్కసారి కూడా రాయరు. మొదటి వరుసలో తప్పు పడితే పది వరుసల్లోనూ అదే తప్పు ఉంటుంది, అప్పుడు మనమే పదిసార్లు తప్పు నేర్పించినట్టు. దానికి బదులు మాటను ఒకసారి బాగా చూడమనండి, చేత్తో మూసి గుర్తుతో రాయమనండి, తీసి సరిచూసుకోమనండి. రెండు మూడు సార్లకు మించి అవసరం పడదు. ఆ మాటతో తనకు నచ్చిన వాక్యం ఒకటి రాస్తే ఇంకా మంచిది.

చేతిరాతను దయచేసి ఈ లెక్కలోంచి పక్కకు పెట్టండి. చేతిరాతకు విడిగా సమయం ఉంది, చూచిరాత ఉంది. పిల్లవాడు ఆలోచించి సొంతంగా రాస్తున్నప్పుడు ఏం చెప్పాలి, ఏ మాట వాడాలి, ఆ మాటకు ఏ అక్షరాలు కావాలి అనే మూడు పనులు ఒకేసారి మోస్తుంటాడు. నాలుగోదిగా అందం కూడా మోయమంటే మొదటిదాన్నే కింద పెట్టేస్తాడు. చేతిరాత గురించి తిట్లు తిన్న పిల్లలు చిన్న చిన్న వాక్యాలు, తమకు బాగా వచ్చిన మాటలతోనే రాయడం మొదలుపెడతారు. పేజీ శుభ్రంగా కనిపిస్తుంది, అందులో పిల్లి ఉండదు, దుప్పటి ఉండదు. చేతిరాత గురించి చెప్పాల్సే వస్తే, పేజీలో తనకు బాగా వచ్చిందనిపించిన ఒక వరుసను వాడినే చూపించమనండి. ఎందుకు బాగుందో అడగండి. అక్షరాల మధ్య ఎడం సమానంగా ఉందనో, గుడి విడిగా తెలుస్తోందనో వాడే చెప్తాడు.

చదివించడం దగ్గరికి వస్తే మనం చెప్పే మాటలకన్నా చెప్పకుండా ఆగే క్షణాలే ఎక్కువ పని చేస్తాయి. పాఠంలో 'అన్న బడికి వెళ్లాడు. సంచిలోంచి పుస్తకం తీశాడు' అని ఉంది. చదువుతున్న అమ్మాయి 'అన్న గుడికి వెళ్లాడు' అని చదివింది. వెంటనే మన నోటి నుంచి 'బడికి, బడికి' అని వచ్చేస్తుంది. ఆగి చూడండి. ఆ అమ్మాయి రెండో వాక్యంలో 'పుస్తకం' దగ్గరికి వచ్చి ఒక్క క్షణం తడబడుతుంది. గుడికి వెళ్లి పుస్తకం తీయడమేమిటి అని కళ్లు వెనక్కి వెళ్తాయి. 'బడికి' అని తనే సరిచేసుకుంటుంది. చదవడంలో అంతకన్నా విలువైన పని లేదు. చదివినదానికి అర్థం ఉండాలని ఆమె ఎదురుచూస్తోంది, అర్థం కుదరకపోతే ఏం చేయాలో ఆమెకు తెలుసు. మనం మొదటి తప్పు దగ్గరే అందిస్తే ఆ పనిని ఆమె చేతిలోంచి లాగేసుకున్నట్టే. అలా అలవాటైన పిల్లలు కష్టమైన మాట వచ్చిన ప్రతిసారీ పుస్తకంలోంచి తలెత్తి టీచరు ముఖంలోకి చూస్తారు.

న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే విద్యా పరిశోధకురాలు 1960లలో బడిలో చేరిన ఐదేళ్ల పిల్లల చదువును వారం వారం పక్కన కూర్చుని నమోదు చేశారు. తప్పు చదివి తమంతట తాము వెనక్కి వచ్చి దిద్దుకోవడం బాగా చదవనేర్చుకుంటున్న పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. ఆమె రూపొందించిన నమోదు పద్ధతి కోసం ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. పిల్లవాడు చదువుతుంటే సరైన మాటకు ఒక గుర్తు, తప్పు చదివిన మాటకు వాడు ఏమని చదివాడో ఆ మాట, తనే దిద్దుకుంటే దానికో గుర్తు. నూటికి తొంభై మాటలు కూడా సరిగా రాకపోతే ఆ పాఠం ఆ పిల్లవాడికి కష్టమైనదని ఆ పద్ధతిలో లెక్క. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలుంటాయి, మన మాటలు విభక్తులు, క్రియాంతాలు కలుపుకుని పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆ అంకెను యథాతథంగా తెచ్చి మన తరగతిలో పెట్టడం సరికాదని నా అభిప్రాయం. లెక్క వెనక ఉన్న ఆలోచన మాత్రం మనకూ కావాలి. అడుగడుగునా ఆగిపోతున్న పిల్లవాడికి సూచనలు పెంచడం కాదు, అంతకన్నా సులువైన పాఠం చేతికివ్వాలి. అలాంటి చోట ఎంత మంచి సూచన అయినా వాడికి శిక్షలాగే వినిపిస్తుంది.

ఎంతసేపు ఆగాలి? అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1974లో ప్రచురించిన పరిశీలనలో, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను పాటు మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఆమె చూసింది విజ్ఞానశాస్త్ర తరగతులను. చదివించేటప్పుడు కూడా నేను ఆ మూడు సెకన్లను పాటిస్తాను, అవసరమైతే ఇంకా ఎక్కువే. తరగతిలో మూడు సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. పక్క పిల్లలు అందించడానికి ఎగబడతారు. వాళ్లను ఆపడం కూడా మన పనే. ఒకరు చదువుతున్నప్పుడు నవ్వకూడదు, అందించకూడదు అన్న నియమం మొదటి రోజే చెప్పి, చివరి రోజు దాకా నిలబెట్టాలి.

ఆగినా మాట రాకపోతే అప్పుడు సాయం చేయాలి. ఎలాంటి తప్పు అన్నదాన్ని బట్టి సాయం మారుతుంది. వ, ప మధ్య, మ, య మధ్య, ద, థ, ధ మధ్య తికమకపడుతుంటే ఆ అక్షరాలను పక్కపక్కన రాసి తేడా ఎక్కడుందో వేలితో చూపించమనండి. గుణింతం దగ్గర తడబడితే, గుడి, గుడిదీర్ఘం పక్కపక్కన పెట్టి 'కిటికీ' లాంటి మాటలో రెండూ వెతకమనండి. అక్షరాలన్నీ వచ్చినా ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివే పిల్లలకు 'ధారాళంగా చదువు' అని చెప్పడం వల్ల ఉపయోగం లేదు. ధారాళంగా చదవడం ఎలాగో తెలిస్తే వాడే చదివేవాడు. ఒక చిన్న భాగాన్ని ముందు మనం మాట్లాడినట్టుగా చదివి వినిపించి, తర్వాత వాడితో అదే భాగాన్ని మళ్లీ మళ్లీ చదివించాలి. అమెరికా విద్యా పరిశోధకుడు ఎస్. జే శామ్యూల్స్ 1979లో ప్రతిపాదించిన పునఃపఠన పద్ధతి సారం కూడా ఇంచుమించు ఇదే. అందులో పిల్లలకు నచ్చే సంగతి ఒకటుంది. మొదటిసారి కన్నా మూడోసారి బాగా వచ్చిందని మనం చెప్పనక్కర్లేకుండా వాళ్లకే తెలుస్తుంది.

మెచ్చుకోలు గురించి, మార్కుల గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన అధ్యయనం ఈ విషయంలో బాగా తెలిసినది. కొందరికి వారి పని గురించి వ్యాఖ్య మాత్రమే ఇచ్చారు, కొందరికి మార్కులు మాత్రమే, మిగిలినవారికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో పని మెరుగుపడింది, ఆసక్తి పెరిగింది. రెండూ అందుకున్న పిల్లల్లో ఆ మేలు కనిపించలేదు. మార్కు పక్కన ఉంటే వ్యాఖ్యను ఎవరూ పట్టించుకోరని తరగతిలో ఉండేవారికి వేరే చెప్పక్కర్లేదు. పుస్తకాలు పంచగానే 'నీకెన్ని?' అన్న మాటే వినిపిస్తుంది. రెండో తరగతి పిల్లవాడి పిల్లి కథకు పదికి ఆరు అని ఎందుకు రాయాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరీక్షకు మార్కులు వేయండి, కాదనను. రోజువారీ రాతకు వద్దు.

మనం ఇచ్చే సూచన ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకం కూడా నిజం కాదు. క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఈ విషయం మీద అంతవరకు వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి, మొత్తం 607 ఫలితాలను లెక్కగట్టారు. సగటున మేలే జరిగింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో, సూచన అందాక పని అంతకుముందు కన్నా తగ్గింది. సూచన వల్ల దృష్టి పని మీంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ఉపయోగం తగ్గుతుందని వారి వివరణ. 'నువ్వు తెలివైనదానివి', 'నీకు బద్ధకం' అనే రెండు మాటలూ ఈ లెక్కన ఒకే వరుసలో ఉంటాయి. రెండూ పిల్ల గురించే, పేజీ గురించి కావు. 'కుక్క అరిచింది అని ఊరుకోకుండా గేటు దగ్గర నిలబడి అరిచింది అని రాశావు, నాకు ఆ చోటు కనిపించింది' అంటే ఆమెకు రేపు మళ్లీ చేయదగినది ఒకటి దొరుకుతుంది. 'గుడ్' అనే మాటలో అలాంటిదేమీ లేదు. గుడ్, వెరీ గుడ్, నక్షత్రం బొమ్మ అన్నవి పిల్లలకు ఆ క్షణానికి సంతోషమే, వాటిని నిషేధించమనడం లేదు. వాటితోనే చెప్పాల్సింది చెప్పేశామని అనుకోవద్దంటున్నాను.

'ఇదంతా చెప్పడానికి బాగుంది, నా తరగతిలో నలభై మంది ఉన్నారు' అంటారని తెలుసు. నిజమే. పుస్తకానికి రెండు నిమిషాల చొప్పున నలభై పుస్తకాలకు ఎనభై నిమిషాలు. అది రోజూ ఎవరికీ సాధ్యం కాదు. అందుకే అన్ని పుస్తకాల మీదా తలా ఒక సంతకం పడుతోంది. ఆ ఎనభై నిమిషాలను మరోలా పంచుకోవచ్చు. రోజుకు ఎనిమిది మంది పుస్తకాలు చొప్పున తీసుకుంటే ఐదు రోజుల్లో నలభై మందీ పూర్తవుతారు, రోజుకు పదహారు నిమిషాలు చాలు. ప్రతి పిల్లవాడికీ వారానికోసారి నిజమైన సూచన అందుతుంది. మిగిలిన రోజుల్లో పిల్లలు రాస్తుండగానే వరుసల మధ్య తిరుగుతూ నోటితో చెప్పండి. రాశాక ఇంటికి తీసుకెళ్లి దిద్దినదాని కన్నా, రాస్తున్నప్పుడు పక్కన వంగి అడిగిన ఒక ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే వాక్యం ఇంకా వాడి చేతిలోనే ఉంటుంది. పుస్తకాలు తిరిగి ఇచ్చిన రోజు పాఠం మొదలుపెట్టకముందు పది నిమిషాలు పిల్లలకు వదిలేయండి. చెప్పిన ఆ ఒక్క పనీ అప్పుడే చేసుకుంటారు. ఇంటికి వెళ్లి చేసుకురమ్మంటే ఆ పని అమ్మో, అక్కో చేస్తుంది.

ఇంకో చిన్న పద్ధతి. రాసినదాన్ని మనకు ఇచ్చే ముందు ఎవరి పేజీ వాళ్లు పైకి చదువుకోవాలి. మనసులో అనుకుని కాగితం మీద పెట్టని మాటలు, సగంలో ఆగిన వాక్యాలు నాలుకకు అడ్డం పడతాయి. మనం ఎర్ర సిరాతో పట్టే వాటిలో చాలా భాగం పిల్లలే పట్టుకుంటారు.

తల్లిదండ్రుల నుంచి ప్రశ్న వస్తుంది, తప్పకుండా వస్తుంది. 'ఇక్కడ తప్పుంది, టీచరు చూడలేదు' అని పుస్తకం పట్టుకుని వస్తారు. వారి ఆందోళనను తప్పుపట్టలేం. పుస్తకం మొదటి పేజీలోనే రెండు వాక్యాలు రాసి అంటించండి: 'ఈ పుస్తకంలో ఒక్కోసారి ఒక్కో అంశాన్నే దిద్దుతాం. ప్రస్తుతం దిద్దుతున్న అంశం పేజీ పైన రాసి ఉంటుంది.' పేజీ పైన 'ద్విత్వాక్షరాలు' అనో, 'వాక్యం చివర చుక్క' అనో ఉంటుంది. ఇంట్లో సాయం చేసేవారికి కూడా ఏం చూడాలో తెలుస్తుంది.

ఇక తనిఖీకి వచ్చే అధికారులకు, ప్రధానోపాధ్యాయులకు. పైన చెప్పినవన్నీ ఉపాధ్యాయులకు తెలియనివి కావు. శిక్షణల్లో విన్నవారున్నారు, సొంత అనుభవంతో తెలుసుకున్నవారున్నారు. అయినా తొమ్మిది సున్నాలు ఎందుకు చుడుతున్నారంటే, దిద్దని తప్పు ఒకటి కనిపిస్తే మీరు సంజాయిషీ అడుగుతారని. పుస్తకాల దొంతర తెప్పించుకుని, ప్రతి పేజీ మీదా తేదీ, సంతకం ఉన్నాయా అని తిరగేస్తారు. ఎర్ర సిరా ఎక్కువ కనిపిస్తే ఉపాధ్యాయురాలు కష్టపడుతున్నట్టు, తక్కువ కనిపిస్తే నిర్లక్ష్యం చేసినట్టు లెక్క. ఆ లెక్క మారనంత కాలం చిన్న తరగతుల్లో దిద్దడం మీ కోసమే జరుగుతుంది. ఒకే అంశాన్ని దిద్ది మిగిలినవి వదిలిన పేజీని పని ఎగ్గొట్టినదిగా చూడవద్దని, వారానికి ఒకసారి దిద్దే ఏర్పాటును రాతపూర్వకంగా ఒప్పుకోవాలని మిమ్మల్ని కోరుతున్నాను. ఆ ఒప్పుకోలు కాగితం మీద లేకపోతే ఏ ఉపాధ్యాయురాలూ ధైర్యం చేయదు.

ప్రగతి పత్రాల్లో కూడా తెలుగు ఎదురుగా ఒక అక్షరమో, అంకెనో వేసి ఊరుకోవద్దు. రెండు గీతల చోటు కేటాయించండి. ఇప్పుడు ఈ పిల్లవాడు ఏం చేయగలుగుతున్నాడు అని ఒకటి, తర్వాత నేర్చుకోవలసింది ఏమిటి అని ఒకటి. 'తెలిసిన మాటల్లో వత్తులు సరిగా రాస్తున్నాడు. కొత్త మాటల్లో విని గుర్తుపట్టడం నేర్చుకుంటున్నాడు' అని ఉంటే, పై తరగతి టీచరు జూన్‌లోనే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుంటుంది.

ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు పుస్తకాల దొంతరతో పాటు ఇద్దరు ముగ్గురు పిల్లలను కూడా మీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల పేజీనే తెరిచి, 'మీ టీచరు ఇక్కడ నీకేం చెప్పారు? ఆ తర్వాత నువ్వేం చేశావు?' అని అడగండి. వాళ్లు జవాబు ఆలోచించుకునే దాకా ఆగండి. మీ తనిఖీ నివేదికలో సంతకాల లెక్క రాసే గడి ఉంది గదా, అందులో ఆ జవాబులు రాయండి.

ఇట్లు,
చిన్న తరగతులకు తెలుగు చెప్పే ఒక ఉపాధ్యాయురాలు